చించినాడ వంతెన నుంచి జలోరీ కనుమకి: ఒక్కరోజు నడకకి నాలుగు నెలలు

ఇది టైప్ చేస్తున్నప్పటికి 2024 డిసెంబర్ మొదటి వారం, నా కుడికాలి బొటనవేలి గోరు ఇంకా నల్లగానే ఉంది. హిమాచల్ ప్రదేశ్‌లో జలోరీ పాస్ అని 3120 మీటర్ల ఎత్తులో ఒక కనుమ ఉంది, నవంబర్ 10న నేనూ మా చెల్లీ షోజా అనే ఊళ్ళో పొద్దున్నే బయల్దేరి కాలినడకన అక్కడికి వెళ్ళి సాయంత్రానికి దిగొచ్చేశాం. నడిచింది ఒక్క రోజే గానీ దానికి ముందు నాలుగు నెలలు పట్టింది. మాలాగా గోదారి జిల్లాల్లో ఉండి, నలభై దాటాక, ప్యాకేజీ వాళ్ళతో కాకుండా సొంతంగా వెళ్దాం అనుకునే ఆడవాళ్ళకి పనికొస్తుందేమో అని జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

నాకు 47. రాజోలు దగ్గర ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. చెల్లికి 43, పాలకొల్లులో ఉంటుంది. మా అత్తగారు ఆరేళ్ళు మంచం మీదే ఉండి ఈ సంక్రాంతి వెళ్ళాక పోయారు, ఆ ఆరేళ్ళలో నేను ఒక రాత్రి కూడా బయట పడుకోలేదు, చెల్లి పిల్లల పెంపకంలో అదే పరిస్థితి. జూన్‌లో ఒకరోజు అది ఫోన్ చేసి అక్కా, ఎక్కడికైనా వెళ్దామే, గుడి కాకుండా, మనిద్దరమే అంది. ఎక్కడికే అంటే మంచుకొండలు కనపడే చోటికి అంది. అంతే, అలా మొదలైంది. అమ్మకి చెప్తే "కొండెక్కడానికి అంత దూరం ఎందుకే, అన్నవరం లేదా" అంది, కాసేపాగి మళ్ళీ తనే "వెళ్ళండి, కాళ్ళున్నప్పుడే వెళ్ళాలి" అంది.

మొదట రోహతాంగ్ అనుకున్నాం, అందరూ చెప్పే పేరు అదే కదా. మా ఆడపడుచు కొడుకు ఢిల్లీలో చదివాడు, వాడు చెప్పాడు, అత్తా అది నడిచే చోటు కాదు, బళ్ళ మీద వెళ్ళేది, దానికి బండికి పర్మిట్ తీసుకోవాలి అని. హంప్తా పాస్ చూస్తే నాలుగైదు రోజులు టెంట్లలో పడుకోవాలి, మాకు అది కుదరదు. వాడే ఈ జలోరీ చెప్పాడు. షోజా నుంచి పాస్ దాకా 5 కిలోమీటర్లు, పాస్ నుంచి అడవిలో ఇంకో 5 కిలోమీటర్లు వెళ్తే సెరోల్‌సర్ అని ఒక చిన్న సరస్సు, అక్కడ బూఢీ నాగిన్ అమ్మవారి గుడి. పాస్ మీదుగా రోడ్డు ఉంది, బస్సులు తిరుగుతాయి, అంటే ఎక్కేటప్పుడు కాళ్ళు మొండికేస్తే బస్సో జీపో దొరుకుతుంది. ఆ ఒక్క మాటతో మా ఇద్దరి ఇళ్ళల్లోనూ ఒప్పుకున్నారు. మా ఆయన అయితే "బస్సు ఉందా, అయితే వెళ్ళండి" అని పేపర్లోంచి తల కూడా ఎత్తలేదు.

మాకు కనుమ అంటే సంక్రాంతి మూడో రోజు, పశువుల్ని కడిగి బొట్లు పెట్టే రోజు. కొండల మధ్య దారిని కూడా కనుమ అంటారని చిన్నప్పుడు పుస్తకంలో చదువుకోవడమే గానీ ఆ మాట మా ఊళ్ళో ఎవరూ వాడరు, వాడే అవసరమే లేదు. ఫోన్లో ఎత్తు చూపించే యాప్ పెట్టుకుంటే మా ఇల్లు 3 మీటర్లు అని చూపించింది. పాలకొల్లు క్షీరారామం గోపురం 120 అడుగులంటారు, మా వైపు దాన్ని మించిన ఎత్తు లేదు, జలోరీ దానికి 85 రెట్లు. ఈ లెక్క నేను మిల్లులో కూర్చుని వే బిల్లు వెనకాల వేశాను, వేశాక కడుపులో తిప్పినట్టయింది.

తేదీ కుదర్చడమే పెద్ద పని అయిపోయింది. జులై ఆగస్టుల్లో అక్కడ వానలు, కొండచరియలు విరిగిపడతాయి. డిసెంబర్ సగం అయ్యాక మంచుకి దారి మూసేస్తారు, మళ్ళీ మార్చి దాకా అంతే. అక్టోబర్‌లో దసరాకి కుల్లూలో వారం రోజులు పెద్ద ఉత్సవం, ఆ టైమ్‌లో బస్సుల్లో రష్ ఎక్కువ. ఇటు చూస్తే సార్వా కోతలు పడ్డాయంటే మిల్లులో నాకు ఊపిరాడదు. అక్టోబర్ 31 దీపావళి. మిల్లు ఓనరు గారు "కోతలు ఊపందుకోకముందు వచ్చెయ్యాలమ్మా" అని నవంబర్ 6 నుంచి 15 దాకా సెలవు ఇచ్చారు. పంతొమ్మిదేళ్ళలో నేను పది రోజులు కలిపి సెలవు అడగడం అదే మొదటిసారి, ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా ఇచ్చినందుకు నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి.

అప్పటికి రైలు టికెట్లు 120 రోజుల ముందు ఇచ్చేవాళ్ళు. జులై రెండో వారంలో రాజమండ్రి నుంచి న్యూఢిల్లీకి ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో థర్డ్ ఏసీ చేశాను, రానూపోనూ మనిషికి 4,500 దాకా అయింది. తర్వాత అక్టోబర్‌లో ఆ 120ని 60 రోజులకి తగ్గించారని టీవీలో చూసి గుండె జారింది, మన టికెట్ పోతుందా అని చెల్లి రాత్రి పదింటికి ఫోన్ చేసింది. అక్టోబర్ 31 లోపు చేసుకున్నవన్నీ చెల్లుతాయి, నవంబర్ 1 నుంచి చేసుకునేవాటికే కొత్త రూలు. ఇప్పుడు వెళ్ళేవాళ్ళు 60 రోజులు లెక్కేసుకోండి.

డాక్టర్ గారి దగ్గరకి ఆగస్టులో వెళ్ళాం. చెల్లికి బీపీ ఉంది, నాకు థైరాయిడ్. ఆయన ఈసీజీ తీయించి, బీపీ మాత్ర ఒక్కరోజు కూడా మానొద్దన్నారు. 2500 మీటర్లు దాటాక తలనొప్పి, వికారం, నిద్రపట్టకపోవడం ఉండొచ్చు, 3000 దగ్గర గాలి ఇక్కడికంటే దాదాపు మూడో వంతు పల్చగా ఉంటుంది, అందుకని వెళ్ళిన రోజే ఎక్కెయ్యకండి, షోజాలో రెండు రాత్రులు పడుకుని ఎక్కండి, తలనొప్పి పెరుగుతుంటే కిందకి దిగడమే మందు అన్నారు. ఎత్తుకి వెళ్ళినప్పుడు వచ్చే ఇబ్బందులు రాకుండా ముందే వేసుకునే డయామాక్స్ మాత్ర గురించి అడిగితే మీరు వెళ్ళే ఎత్తుకీ మీరు వెళ్ళే పద్ధతికీ అక్కర్లేదన్నారు. అది మా ఇద్దరికీ చెప్పిన మాట, మీరు మీ డాక్టర్ని అడిగే వెళ్ళండి.

ఇక ప్రాక్టీసు. డెల్టాలో ఉన్నవాళ్ళకి అసలు కష్టం ఇక్కడే అండి. రోజూ కాలవ గట్టు మీద 6 కిలోమీటర్లు నడిచాను, రెండు వారాలకే అది అలవాటైపోయింది, ఆయాసమే రాలేదు, ఎందుకంటే ఎక్కుడు లేదు. ఎక్కుడు కోసం వెతికితే మాకు దొరికింది చించినాడ వంతెన ఒక్కటే. నేను దిండి వైపు నుంచి, చెల్లి చించినాడ వైపు నుంచి, ఆదివారం పొద్దున్న ఐదింటికి స్కూటీలు ఆపి ఎదురెదురుగా నడుచుకుంటూ వచ్చి వశిష్ఠ మీద మధ్యలో కలిసేవాళ్ళం. మొదటి ఆదివారం ఆగస్టు 11. కలిసి నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగేవాళ్ళం, తర్వాత బ్యాగుల్లో బరువు వెయ్యడం మొదలెట్టాం, ఒక్కొక్కరి బ్యాగులో నాలుగు ఎండు కొబ్బరికాయలు, రెండు లీటర్ల నీళ్ళు. చేపల లారీలు పక్కనుంచి వెళ్తుంటే వంతెన వణికేది. ఒకసారి ఒక లారీ డ్రైవర్ ఆపి "ఏవండీ, బండి పాడైందా, దింపమంటారా" అని అడిగాడు పాపం. మిగతా రోజుల్లో చెల్లి వాళ్ళ అపార్ట్‌మెంట్ మూడు అంతస్తులూ రోజుకి పదిహేనుసార్లు ఎక్కి దిగేది, నేను మిల్లు గోడౌన్ మెట్లు.

సెప్టెంబర్ మొదటి వారం విజయవాడ మునిగినప్పుడు కేసముద్రం దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి ఢిల్లీ వైపు రైళ్ళు ఆగిపోయాయి. మా ప్రయాణానికి ఇంకా రెండు నెలలుంది, అయినా ఆ ఫొటోలు చూసి ఏదైనా అవ్వొచ్చు అని అర్థమైంది, అప్పుడే ప్లాన్‌లో ఒక రోజు ఖాళీగా ఉంచాలని గట్టిగా అనుకున్నాను. చెల్లి వద్దంది, ఆ రోజు మనాలి చూసొద్దామంది. నేను ఒప్పుకోలేదు. ఈ విషయం గుర్తుంచుకోండి, తర్వాత చెప్తా.

సెప్టెంబర్ 22న అన్నవరం వెళ్ళాం. రత్నగిరికి మెట్లదారి 460 మెట్లు, మూడుసార్లు ఎక్కి మూడుసార్లు దిగాం, మూడోసారి దిగేటప్పటికి నా తొడలు గడగడా వణికాయి. ఎక్కడం కంటే దిగడమే కాళ్ళని పిండేస్తుందని అక్కడే తెలిసింది. కానీ అక్కడే ఒక పొరపాటు కూడా జరిగింది. స్వామి మెట్లు కదా, చెప్పులేసుకుని ఎక్కుతామా, ఇద్దరం ఒట్టికాళ్ళతో ఎక్కాం. అప్పటికే విజయవాడలో కొన్న 3,400 రూపాయల షూస్ వంతెన మీద నెలన్నర వాడాను, ఎక్కడా నొక్కలేదు, బ్రహ్మాండంగా ఉన్నాయి అనుకున్నాను. చదును నేల మీద బాగున్న షూ దిగుడులో ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా చూసుకోలేదు. వేలి ముందు అర అంగుళం ఖాళీ ఉండాలట, దిగేటప్పుడు పాదం ముందుకి జారుతుంది కాబట్టి. నా షూలో అంత లేదు. ఈ సంగతి నాకు నవంబర్ 10 మధ్యాహ్నం తెలిసింది.

స్వెట్టర్లు మా ఊళ్ళో అక్టోబర్‌లో ఎక్కడ దొరుకుతాయండి, ఆన్‌లైన్లోనే తెప్పించాం, లోపల వేసుకునే థర్మల్ ఒక జత, పైన ఫ్లీస్, చెవులకి టోపీ, గ్లవ్స్, ఊలు సాక్సులు, మొత్తం 2,600. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరేడు డిగ్రీలు పడిపోతుందని మేనల్లుడు చెప్పాడు కాబట్టి ఎత్తుకే ఇరవై డిగ్రీలు తీసెయ్యాలి, ఉత్తరాది చలి అదనం. చీరలు ఒక్కటి కూడా పెట్టుకోలేదు, అమ్మకి అది మాత్రం నచ్చలేదు. అమ్మ ఒక చిన్న సీసాలో ఆవునెయ్యి ఇచ్చింది. ఆ సరస్సు దగ్గర అమ్మవారికి నెయ్యి సమర్పిస్తారని మేనల్లుడు చెప్పింది విని, మన ఇంటి నెయ్యి కూడా ఇవ్వండి అని.

బయల్దేరడానికి రెండు రోజుల ముందు ఒళ్ళు జలదరించే విషయం బయటపడింది. రైలు రాజమండ్రికి అర్ధరాత్రి దాటాక వస్తుంది. టికెట్ మీద 6వ తేదీ అని ఉంది, మేమిద్దరం నాలుగు నెలలుగా 6వ తేదీ రాత్రి అనుకుంటూ కూర్చున్నాం. మేనల్లుడు టికెట్ ఫొటో చూసి, అత్తా మీరు 5వ తేదీ రాత్రికే స్టేషన్లో ఉండాలి అన్నాడు. వాడు చూడకపోతే ఒక రోజు తర్వాత వెళ్ళి ఖాళీ ప్లాట్‌ఫారం మీద నిలబడేవాళ్ళం. అర్ధరాత్రి రైలు అయితే టికెట్ తేదీని రెండుసార్లు, ఇంకొకళ్ళ చేత మూడోసారి చూపించుకోండి. నేను లెక్కలు రాసే మనిషిని, అందుకే ఈ తప్పు ఇప్పటికీ నన్ను గుచ్చుతూనే ఉంది.

7వ తేదీ పొద్దున్న ఢిల్లీలో దిగాం. పొగ. గొంతు మండింది, సూర్యుడు నారింజపండులా కనపడ్డాడు, కొండ మీద ఊపిరి ఆడదేమో అని భయపడుతూ వెళ్ళిన మాకు ఊపిరి ఆడనిది ఢిల్లీలోనే. పగలంతా ఒక రూమ్‌లో పడుకుని సాయంత్రం మనాలి వెళ్ళే వోల్వో ఎక్కాం, మనిషికి 1,450. మనాలి దాకా వెళ్ళకూడదు, దారిలో ఔట్ అనే చోట సొరంగానికి ముందే దిగాలి, అది తెల్లవారుజామున చీకట్లో వస్తుంది. కండక్టర్‌కి రెండుసార్లు చెప్పాను, అయినా నమ్మకం లేక ఇద్దరం వంతులేసుకుని మెలకువగా ఉన్నాం. ఫోన్లో మ్యాప్ తెరిచి పెట్టుకుని చెల్లి నాలుగున్నరకి నన్ను లేపింది. దిగేసరికి చలి చెంప మీద కొట్టినట్టు తగిలింది. టీ కొట్టు ఒకటి తెరిచి ఉంది, ఆ టీ గ్లాసు చేతుల్లో పట్టుకున్న తృప్తి ఇప్పటికీ గుర్తుంది. వెలుగొచ్చేదాకా గంటన్నర అక్కడే కూర్చుని టాక్సీ మాట్లాడుకున్నాం, షోజాకి 2,200. దారిలో బంజార్‌లో ఏటీఎం దగ్గర ఆపించి ఆరు వేలు తీసుకున్నాం, అది మంచి పని అయింది, పైన సిగ్నల్ ఉంటే ఉంటుంది లేకపోతే లేదు, ఫోన్ పే మీద ఆధారపడితే కుదరదు.

షోజాలో మేం దిగిన ఇల్లు చెక్కతో కట్టింది, తిండితో కలిపి మనిషికి రోజుకి 1,400. ఇంటావిడకి మా వయసే, ఆవిడ హిందీ మాకు సగం, మా హిందీ ఆవిడకి సగం అర్థమయ్యేది. పూతరేకులు తీసుకెళ్ళాం, బ్యాగులో సగం నలిగిపోయాయి. ఆవిడ చేతిలోకి తీసుకుని పైన కాగితం అనుకుని ఒలవడానికి చూసింది, ఇదంతా తినేదే అంటే నమ్మలేదు, చెల్లి తిని చూపించాక అందరూ తిన్నారు. మొదటి రాత్రి నాకు తల కొంచెం బరువుగా అనిపించింది, నిద్ర ముక్కలు ముక్కలుగా పట్టింది, రెండో రోజుకి సర్దుకుంది. 9న ఊరి పక్కన జలపాతం దాకా వెళ్ళొచ్చి ఊరుకున్నాం, నీళ్ళు బాగా తాగాం.

ఆ రాత్రి ఇంటావిడతో కూర్చుని రేపటి టైములు కాగితం మీద రాశాను. నవంబర్‌లో సాయంత్రం ఐదున్నరకి చీకటి, కొండ నీడ అంతకంటే ముందే పడిపోతుంది. ఏడింటికి బయల్దేరాలి, తొమ్మిదిన్నరకి పాస్, పన్నెండుకి సరస్సు, ఏది ఏమైనా పన్నెండున్నరకి వెనక్కి తిరగాలి, రెండున్నరకి పాస్, నాలుగింటికి ఇల్లు. పన్నెండున్నర కింద రెండు గీతలు గీశాను. చెల్లి చూసి సరే అంది.

10వ తేదీ, ఆదివారం. పర్మిట్ అంటూ ఎవరూ ఏమీ అడగలేదు. ఏడుకి అనుకున్నది ఏడూ ఇరవై అయింది, నీళ్ళు వేడెక్కడం ఆలస్యమై. గడ్డి మీద తెల్లగా ఉప్పు చల్లినట్టు మంచు, నీడలో ఉన్న నీటిగుంట గట్టిగా గడ్డకట్టి ఉంది, చెల్లి దాని మీద కాలుపెట్టి టకటకలాడించింది. రోడ్డు మెలికలు తిరుగుతూ వెళ్తుంది, మెలికల మధ్య నడిచేవాళ్ళ అడ్డదారులు ఉన్నాయి, నిలువుగా. మొదటి అడ్డదారిలో ఇరవై అడుగులకే నా గుండె చెవుల్లో కొట్టుకుంది. నాలుగు నెలల నడక ఏమైపోయిందా అని దిగులేసింది. అప్పుడు ఇంటావిడ చెప్పిన మాట గుర్తొచ్చింది, మాట్లాడగలిగే వేగంతోనే నడవండి అని. చెల్లీ నేనూ ఎక్కాలు చెప్పుకుంటూ నడిచాం, పదమూడో ఎక్కం చెప్పలేకపోతే ఆగేవాళ్ళం. నిజంగా అదే పనిచేసింది. జీపులు, బస్సులు మా పక్కనుంచి మొదటి గేరులో మూలుగుతూ ఎక్కుతున్నాయి, అంత నిలువు.

పాస్‌కి చేరేసరికి పదీ పది. అనుకున్నదానికి నలభై నిమిషాలు లేటు. పైకెక్కగానే గాలి, మహాకాళి అమ్మవారి చిన్న గుడి, గంటలు, ఎర్ర గుడ్డలు, నాలుగైదు ధాబాలు, ఆగిన బళ్ళు. ఉత్తరం వైపు తెల్లటి కొండలు వరసగా. చెల్లి ఏమీ మాట్లాడలేదు, నా చెయ్యి పట్టుకుని నిలబడింది, దాని చెయ్యి గ్లవ్‌లోంచి కూడా వణుకుతోంది. నాకు మాత్రం కొండల కంటే కనుమే ఎక్కువ నచ్చింది. మనం నిలబడ్డ గీతకి ఇటు పడ్డ చినుకు బియాస్‌లోకి, అటు పడ్డ చినుకు సట్లెజ్‌లోకి వెళ్తుంది, మళ్ళీ ఆ రెండూ పంజాబ్‌లో హరికే దగ్గర కలుస్తాయి. ధవళేశ్వరం దాటాక గోదారి గౌతమి, వశిష్ఠలుగా విడిపోవడం చూస్తూ పెరిగినవాళ్ళం మేము, వశిష్ఠ మీదే మూడు నెలలు నడిచినవాళ్ళం, నీళ్ళు విడిపోయే చోటు కొండ మీద కూడా ఉంటుందని కళ్ళతో చూడటం నాకు ఎంత పెద్ద విషయమో మాటల్లో చెప్పలేను.

ధాబాలో రాజ్మా అన్నం, టీ తాగాం, ఇద్దరికీ 240. సరస్సు దారి ఖర్సు చెట్ల అడవిలోంచి, ఎక్కువ ఎక్కుడు లేదు, వెడల్పుగానే ఉంది, పాస్ ఎక్కిన దానితో పోలిస్తే హాయి. కానీ ధాబాలో నలభై నిమిషాలు కూర్చున్నాం, ఫొటోలకి ఇంకో ఇరవై, అడవిలోకి వెళ్ళేసరికి పదకొండూ పదిహేను. అక్కడే లెక్క తప్పిందని నాకు తెలుసు, నోరు విప్పలేదు. పన్నెండున్నర అయ్యేసరికి ఎదురొచ్చే వాళ్ళని అడిగితే "ఇంకో అరగంట" అన్నారు. ఫోన్లో అలారం మోగింది. చెల్లి "అరగంటే కదా అక్కా, ఇంత దూరం వచ్చి" అంది. నేను అరగంట వెళ్ళడం, అరగంట రావడం, అక్కడ ఉండేది ఇంకో అరగంట అని లెక్క చెప్పాను. దానికి కోపం వచ్చింది. "నువ్వు ఇక్కడ కూడా మిల్లు లెక్కలేనా" అంది. నాకు ఆ మాట చాలా నొప్పి పెట్టింది. అయినా తిరిగాను. దానికీ ఏడుపొచ్చింది, నాకూ వచ్చింది.

నెయ్యి సీసా బ్యాగులోనే ఉంది, చలికి గడ్డకట్టి రాయిలా అయిపోయింది. వెనక్కి తిరిగిన పది నిమిషాలకి ఒక పెద్దావిడ, చేతిలో చిన్న డబ్బాతో, మనవడితో కలిసి సరస్సు వైపు వస్తూ ఎదురైంది. ఆవిడదీ నెయ్యే. మా సీసా చూపించి మీరు ఇవ్వగలరా అని సైగలతో అడిగాను. మనవడికి మా హిందీ అర్థమైంది. ఆ సరస్సులో ఆకు పడితే ఆభి అనే చిన్న పిట్ట వచ్చి ముక్కుతో తీసేస్తుందని, నీళ్ళు ఎప్పుడూ శుభ్రంగా ఉంటాయని ఆ కుర్రాడు చెప్పాడు. పెద్దావిడ సీసా తీసుకుని కళ్ళకద్దుకుని, ఏ ఊరు అని అడిగింది. గోదావరి అన్నాను. ఆవిడ తలూపింది. చెల్లి అప్పటిదాకా దూరంగా నిలబడిందల్లా వచ్చి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టింది.

పాస్‌కి రెండూ ముప్పావు. అక్కణ్ణుంచి బస్సు ఎక్కేద్దామా అనుకున్నాం, అప్పుడే ఒకటి వెళ్ళిపోయిందట, జీపులన్నీ నిండుగా ఉన్నాయి. బస్సు ఉందన్న ధైర్యంతోనే ఇంత దూరం వచ్చాం, కావాల్సిన గంటలో అది లేదు. దిగడం మొదలెట్టాం. ఇక్కడ మొదలైంది నా షూ కథ. అడ్డదారుల్లో ప్రతి అడుగుకీ బొటనవేలు ముందు గోడకి కొట్టుకుంటోంది, అరగంటకి మంట, గంటకి ఒక్కొక్క అడుగూ లెక్కపెట్టుకునే స్థితి. చెల్లికి ఎడమ మోకాలు పట్టేసింది. అడ్డదారులు మానేసి రోడ్డు మీదే దిగాం, దూరం పెరిగింది. నాలుగింటికే నీడ వచ్చేసింది, నీడ రాగానే వేళ్ళు కొంకర్లు పోయేంత చలి. ఇల్లు చేరేసరికి ఐదూ పది, ఇంటావిడ టార్చి పట్టుకుని రోడ్డు మలుపు దాకా ఎదురొచ్చింది. ఆ అరగంట సరస్సుకి ఇచ్చి ఉంటే ఆ ఆఖరి మలుపులు ఆ మోకాలితో చీకట్లో దిగాల్సి వచ్చేది. రాత్రి వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నప్పుడు చెల్లి నా భుజం మీద తల పెట్టి "లెక్క మంచిదేలే అక్కా" అంది.

11న ఖాళీ రోజు. సరస్సుకి మళ్ళీ వెళ్దాం అనుకున్నాం, చెల్లి మోకాలు వాచింది, కదల్లేకపోయింది. నువ్వు జీపులో వెళ్ళి చూసిరా అంది. నేను వెళ్ళలేదు. రోజంతా ఎండలో చాప వేసుకుని కూర్చున్నాం, ఇంటావిడ ఊలు అల్లుతుంటే ఆవకాయ ఎలా పెడతామో చెల్లి చేతులతో చూపించింది. ఆ రోజు లేకపోతే అదే మోకాలితో మర్నాడే రాత్రంతా బస్సులో కూర్చోవాల్సి వచ్చేది.

12 సాయంత్రం ఔట్ నుంచి బస్సు, 13 పొద్దున్న మళ్ళీ అదే ఢిల్లీ పొగ, ఇంకా చిక్కగా, ఆ రాత్రి రైలు. రెండున్నర గంటలు లేటుగా 15 తెల్లవారుజామున రాజమండ్రిలో దిగాం. దిగాక గుర్తొచ్చింది, ఆ రోజు కార్తీక పౌర్ణమి. బ్యాగులతోనే పుష్కర్ ఘాట్‌కి వెళ్ళిపోయాం, ఇసకేస్తే రాలనంత జనం, నీళ్ళ మీద అరటిదొప్పల్లో దీపాలు. నల్లబడ్డ గోరుతో గోదాట్లో కాలు పెడితే చల్లగా హాయిగా ఉంది.

ఖర్చు మనిషికి మొత్తం 25,200 తేలింది. అందులో షూస్, ఉన్ని బట్టలు కలిపి 6,000, ఉండటం తినడం షోజాలో 5,600, మిగతావి రైలు, బస్సు, టాక్సీ, మందులు, ఢిల్లీ రూము. నడిచిన రోజు మాత్రం ఇద్దరికీ కలిపి అయింది 340.

మొన్న ఆదివారం నుంచి చించినాడ వంతెన మీదకి మళ్ళీ వెళ్తున్నాం. నా షూస్ మేనకోడలికి ఇచ్చేసి ఒక సైజు పెద్దవి తీసుకున్నాను. ఈసారి వంతెన ఎక్కడం గురించి పట్టించుకోవట్లేదు, చెల్లి మోకాలికి పట్టీ వేసుకుని, నేను కొత్త షూస్ వేసుకుని, చించినాడ వైపు దిగుడే పదేసిసార్లు దిగుతున్నాం.